డెంగీలో బీపీ 100/80. పై అంకె బాగానే ఉంది కదా, కంగారెందుకు?

నైట్‌డ్యూటీ సిస్టర్:

అందరికీ నమస్కారం. "పై బీపీ 90 కంటే తగ్గితే షాక్" (అంటే అవయవాలకి చాలినంత రక్తం అందని స్థితి) అని నర్సింగ్‌లో బట్టీ పట్టించారు. డెంగీ వార్డులో మాత్రం 100/80 చెప్పగానే డాక్టర్లు మంచం దగ్గరికి పరుగెత్తుకొస్తారు. పక్క మంచం మీద సన్నటి అమ్మాయికి 90/60 ఉంటే "తనకి మామూలే, పడుకోనివ్వండి" అంటారు. ఈ లెక్క నాకు అందడం లేదు.

ఉదాహరణకి ఇలా అనుకుందాం. 50 కిలోల మనిషి, జ్వరం మొదలై ఐదో రోజు. పొద్దున్నే జ్వరం దిగింది. బీపీ 100/80, నాడి 118, పాదాలు చల్లగా ఉన్నాయి. మాట మాత్రం స్పష్టంగా ఉంది, "నాకు బాగానే ఉంది, ఇంటికి పంపేయండి" అంటున్నాడు. ప్రమాదం ఎక్కడుంది? ఆ సమయంలో ఒళ్లు అసలు ఏం చేస్తోంది?

ఇంకో రెండు సందేహాలు. సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్ దెబ్బకి ఒళ్లంతా అదుపు తప్పే జబ్బు, వచ్చినవాళ్లలో దీనికి తలకిందులుగా 100/40 లాంటివి కనిపిస్తాయి, అదెందుకు? బీపీ మాత్రలు రోజూ వేసుకునేవాళ్లకి వాంతులు విరేచనాలు పట్టుకుంటే ఆ పూట మాత్ర ఇవ్వాలా, ఆపాలా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

ఫిజియాలజీ మాస్టారు:

సిస్టర్, సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉంది: నాడి 118, పాదాలు చల్లన. ఆ రెండూ జరగకపోతే ఆ మనిషి బీపీ 100 దగ్గర నిలబడేది కాదు.

ఒంట్లో రక్తం ఎంత ఉందో బీపీ చెప్పదు. గుండె నిమిషానికి ఎంత రక్తం తోస్తోంది, దానికి చిన్న ధమనులు ఎంత అడ్డు పడుతున్నాయి, ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేది బీపీ. కాలువ కింద సేద్యం చూసినవాళ్లకి ఇది ఇట్టే తెలుస్తుంది. పైనుంచి వచ్చే నీరు తగ్గితే లస్కర్ పిల్లకాలువల తూములు దించేస్తాడు. పెద్ద కాలువలో మట్టం తగ్గదు. గట్టు మీద కొలబద్ద చూసినవాడు నీళ్లకేం లోటు లేదంటాడు. ఆ సరికి చివరి పొలాలు బీటలు వారుతుంటాయి.

మీ 100/80ని అంకెల్లో చూద్దాం. మామూలుగా ఒక్కో దెబ్బకి గుండె 70 మి.లీ. తోస్తుంది, నిమిషానికి 72 దెబ్బలు, అంటే సుమారు 5 లీటర్లు. 120/80 బీపీకి సగటు పీడనం, అదే వార్డులో మ్యాప్ అంటామే, అది 93. కింది అంకెకి, రెండు అంకెల తేడాలో మూడో వంతు కలిపితే మ్యాప్ వస్తుంది. ఇప్పుడు రక్తనాళాల్లోంచి నీరు జారిపోయి గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గింది. దెబ్బకి 30 మి.లీ.యే తోస్తోందనుకోండి. 118 దెబ్బలకి మూడున్నర లీటర్లు. నిమిషానికి లీటరున్నర తగ్గిపోయింది! అయినా 100/80కి మ్యాప్ 87. చిన్న ధమనులు మూడో వంతు అదనంగా బిగుసుకుంటే తప్ప అంత నిలవదు.

పై అంకెకీ కింది అంకెకీ మధ్య తేడానే పల్స్ ప్రెషర్ అంటాం. ఒక్కో దెబ్బకి గుండె ఎంత తోస్తోందన్నది ముఖ్యంగా ఆ తేడాలోనే కనిపిస్తుంది. తోసేది తగ్గితే పై అంకె కిందికి దిగుతుంది. తూములు, అంటే చిన్న ధమనులు, బిగుసుకుంటే కింది అంకె దిగకుండా ఉంటుంది, ఒక్కోసారి పైకి కూడా ఎక్కుతుంది. రెండూ ఒకదానివైపు ఒకటి జరుగుతాయి. 120/80, 110/80, 104/82, 100/80 అని చార్టులో వరసగా కనిపిస్తే గుండె తోసే పరిమాణం గంటగంటకీ చిక్కిపోతోందని చదువుకోవాలి. సన్నటి అమ్మాయి 90/60లో తేడా 30, నాడి 70, పాదాలు వెచ్చన. ఆమె కాలువే చిన్నది, తూములన్నీ తెరిచే ఉన్నాయి.

ఎవరు కనిపెడుతున్నారు, ఎవరు బిగిస్తున్నారు అన్నదీ చెప్పాలి. మెడలో కరోటిడ్ ధమని రెండుగా చీలేచోట, గుండె పైన బృహద్ధమని వంపులో సాగుడుని కనిపెట్టే నరాల కొసలు ఉంటాయి. వీటిని బారోరిసెప్టర్లు అంటారు. గోడ తక్కువ సాగిందంటే మెదడు కాండానికి వెళ్లే సంకేతాలు తగ్గుతాయి. ఒకటి రెండు దెబ్బల్లోనే వేగస్ నరం పట్టు సడలి నాడి పెరుగుతుంది. కొన్ని సెకన్లలో సింపథెటిక్ నరాలు చర్మం, పేగులు, కిడ్నీలు, పనిలేని కండరాల తూములు బిగిస్తాయి. సిరలు కూడా బిగుస్తాయి. దీన్ని చాలామంది మర్చిపోతారు. ఒంట్లో రక్తంలో మూడింట రెండు వంతులు సిరల్లోనే నిలవ ఉంటుంది కాబట్టి చెరువు పిండి కాలువలోకి నీరు తెచ్చినట్టు ఇదే మొదటి ఆదరువు. తర్వాత అడ్రినల్ గ్రంథుల అడ్రినలిన్ తోడవుతుంది. కిడ్నీల నుంచి రెనిన్ బయటికొచ్చి, దాని వల్ల యాంజియోటెన్సిన్ తయారై పూర్తిగా పనిచేయడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. పిట్యూటరీ వదిలే ఏడీహెచ్, అడ్రినల్ వదిలే ఆల్డోస్టెరోన్ అనే హార్మోన్లు ఉప్పునీ నీటినీ కిడ్నీల దగ్గర ఆపేస్తాయి, అది గంటల మీద సాగే పని. దాహం వేయించేది కూడా ఈ యాంజియోటెన్సినే.

ఈ బిగింపు మెదడుకీ గుండెకీ దాదాపు వర్తించదు. వాటి నాళాలు తమ అవసరాన్ని బట్టి తామే తెరుచుకుంటాయి. అందుకే మీ పేషెంట్ చక్కగా మాట్లాడుతున్నాడు. మాట బాగుంది కాబట్టి మనిషి బాగున్నాడనుకోవడం ఇక్కడ పనికిరాదు. మాట తడబడే సరికి మిగతా అవయవాలన్నీ ఎప్పుడో ఎండి ఉంటాయి.

చేత్తో చూడటం నేర్చుకోండి. మీ అరచేతి వెనకవైపు పేషెంట్ పాదం వేళ్ల దగ్గర పెట్టి నెమ్మదిగా మోకాలి దాకా జరపండి. ఎక్కడో ఒకచోట చల్లదనం పోయి వెచ్చదనం తగులుతుంది. ఆ గీత ఎక్కడుందో గుర్తుంచుకోండి. గంట తర్వాత మడమ దగ్గరున్న గీత పిక్క మీదికి పాకిందంటే తూములు ఇంకా బిగుస్తున్నాయని. తర్వాత చూపుడువేలి కొసని 5 సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడ్డ చోట 2 సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. చెయ్యి గుండె మట్టంలో ఉండాలి, గది మరీ చల్లగా ఉండకూడదు.

వార్డు ఫిజీషియన్:

మాస్టారు చెప్పినదానికి డెంగీ సంగతి కలుపుతాను.

డెంగీలో రక్తం బయటికి కారిపోనక్కర్లేదు. రక్తనాళాల లోపలి పూత దెబ్బతిని ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం, పొట్టలోకీ ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరల్లోకీ ఊరిపోతుంది. ఎర్ర కణాలు లోపలే మిగిలి రక్తం చిక్కబడుతుంది. అందుకే పీసీవీ, అంటే రక్తంలో ఎర్ర కణాల శాతం, పెరుగుతుంది. మొదట 38 ఉన్నది 46 అయిందంటే 20 శాతం దాటి పెరిగినట్టు, ప్లాస్మా గట్టిగానే కారుతోందని అర్థం. ఈ ఊరడం సాధారణంగా మూడు నుంచి ఏడో రోజు మధ్య, సరిగ్గా జ్వరం దిగే వేళకి మొదలై 24 నుంచి 48 గంటలు ఉంటుంది. జ్వరం తగ్గిందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే ఆ రోజే అసలు రోజు. జ్వరం దిగితే నాడి కూడా దిగాలి. జ్వరం 99కి వచ్చి నాడి 118కి ఎక్కిందంటే ఆ రెండింటి మధ్య పొంతన లేదు, వెంటనే మంచం దగ్గరికి వెళ్లాలి.

పల్స్ ప్రెషర్ 20 లేదా అంతకంటే తక్కువ, చేతులు కాళ్లు చల్లన, నాడి వేగం. దీన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాలు షాక్ కిందే లెక్కేస్తాయి, పై అంకె ఎంతున్నా సరే. బీపీ ఇంకా నిలిచి ఉన్న ఈ దశలో సెలైన్ గానీ రింగర్ లాక్టేట్ గానీ కిలోకి గంటకి 5 నుంచి 10 మి.లీ. చొప్పున ఒక గంట ఎక్కిస్తారు. మీ 50 కిలోల మనిషికి 250 నుంచి 500 మి.లీ. గంట తర్వాత నాడి, తేడా, చేతుల వెచ్చదనం చూసి, కుదురుకుంటే గంటకి కిలోకి 5–7 మి.లీ. ఒకటి రెండు గంటలు, తర్వాత 3–5, ఆ తర్వాత 2–3కి దింపుతారు. పై అంకె కూడా పడిపోయాక వస్తే కిలోకి 20 మి.లీ. పదిహేను నిమిషాల్లో పోయాల్సి వస్తుంది. 5 శాతం డెక్స్‌ట్రోస్ ఇక్కడ పనికిరాదు, రక్తనాళాల్లో నిలవదు.

పంపు లేని చోట చుక్కల లెక్క: మి.లీ.కి 20 చుక్కల సెట్ అయితే గంటకి ఎన్ని మి.లీ. కావాలో దాన్ని మూడుతో భాగించండి, నిమిషానికి చుక్కలు వస్తాయి. గంటకి 150 మి.లీ. అంటే 50 చుక్కలు. సెట్ కవరు మీద చుక్కల సంఖ్య చూసుకోండి, 15 చుక్కల సెట్ అయితే నాలుగుతో భాగించాలి.

తప్పులు రెండు వైపులా జరుగుతాయి. ఒకటి, అందరి చూపూ ప్లేట్‌లెట్ల మీదే. పొద్దున 40 వేలు, సాయంత్రం 32 వేలు అని ఫోన్లు తిరుగుతుంటాయి. పీసీవీ ఎంత, మూత్రం ఎంత అని అడిగేవాళ్లుండరు. ప్లేట్‌లెట్లు ఎక్కించినా ఊరే ప్లాస్మా ఆగదు. షాక్‌లో మనిషిని తీసుకెళ్లేది ఆ ఊరడమే. రెండోది, భయపడి సెలైన్లు విడవకుండా ఎక్కించడం. ఊరే దశ దాటాక బయటికి పోయిన నీరంతా 48 నుంచి 72 గంటల్లో తిరిగి రక్తంలోకి వస్తుంది. ఆ వేళకి ఇంకా 100 చుక్కలు నడుస్తుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం మొదలవుతుంది. మూత్రం ధారాళంగా వస్తోంది, ఆకలి వేస్తోంది, పీసీవీ దిగింది అంటే బాటిల్ తీసేయాల్సిన వేళయింది. పీసీవీ దిగుతోంది కానీ నాడి పెరుగుతోంది, మనిషి తెల్లబడుతున్నాడు అంటే మాత్రం అది కోలుకోవడం కాదు. లోపల ఎక్కడో రక్తం పోతోంది, అప్పుడు కావాల్సింది రక్తం.

పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త. వాళ్ల నాళాలు చివరిదాకా గట్టిగా బిగుసుకుని బీపీని పట్టుకుంటాయి, వదిలేటప్పుడు ఒక్కసారిగా వదిలేస్తాయి. పిల్లలకి బీపీ పడిందాకా ఆగామంటే ఆలస్యమైపోయినట్టే.

నైట్‌డ్యూటీ సిస్టర్:

చాలా స్పష్టంగా ఉంది సార్. ఇంతా తేడా మీదే ఆధారపడితే కొలత సరిగా ఉండాలి కదా. డిజిటల్ మిషన్ ఒకసారి 98/81 చూపిస్తుంది, ఇంకోసారి ఎర్రర్ అంటుంది. చేత్తో చూస్తే 104/76 వస్తుంది. దేన్ని నమ్మాలి?

ఓటీ టెక్నీషియన్:

చేత్తో చూసినదాన్నే నమ్మండి, అదీ నిదానంగా చూస్తేనే.

డిజిటల్ మిషన్ పై అంకెనీ కింది అంకెనీ నేరుగా కొలవదు. జబ్బకి కట్టిన కఫ్‌లో గాలి తగ్గుతుంటే నాడి కొట్టుకునే కంపనాలు ఎక్కడ అన్నిటికంటే పెద్దగా ఉన్నాయో పడుతుంది, అది మ్యాప్‌కి దగ్గర. అక్కడి నుంచి పై, కింది అంకెలు కంపెనీవాళ్ల సూత్రంతో లెక్కకట్టి చూపిస్తుంది. నాడి సన్నబడినప్పుడు, చలికి వణుకుతున్నప్పుడు, నాడి లయ తప్పినప్పుడు ఆ కంపనాలే సరిగా అందవు. ఎర్రర్ అని వస్తే మిషన్ పాడైందనుకుని పక్కన పెట్టేయకండి, ముందు మణికట్టు పట్టుకోండి. నాడి అందనంత సన్నబడటం వల్లే చాలాసార్లు ఆ ఎర్రర్.

చేత్తో చూసేటప్పుడు తేడాని పాడుచేసే తప్పు గాలి త్వరగా వదలడం. సెకనుకి 2 మి.మీ. చొప్పున దిగాలి. సర్రున 10 మి.మీ. చొప్పున వదిలితే మొదటి చప్పుడు ఆలస్యంగా వింటారు, పై అంకె తక్కువ వస్తుంది. చివరి చప్పుడు ముందే పోయిందనిపిస్తుంది, కింది అంకె ఎక్కువ వస్తుంది. నిజంగా 108/74 ఉన్నది 100/80 అయి కూర్చుంటుంది. లేని షాక్ పుట్టుకొస్తుందన్నమాట. ఇంకో పాడు అలవాటు అంకెల్ని సున్నాకి సర్దేయడం. 96/78 చూసి 100/80 రాస్తే తేడా 18 ఉన్నది 20 అయిపోతుంది. 106/84ని 110/80 అని రాస్తే తేడా 22 కాస్తా 30 అయి, ఉన్న ప్రమాదం చార్టులో మాయమవుతుంది. స్కేలు మీద 2 మి.మీ. గీతలున్నాయి, ఆ గీతే రాయండి.

కఫ్ లోపలి రబ్బరు సంచి పొడవు జబ్బ చుట్టుకొలతలో 80 శాతం, వెడల్పు 40 శాతం ఉండాలి. లావు జబ్బకి చిన్న కఫ్ కడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. చెయ్యి మంచం కిందికి వేలాడుతుంటే గుండె మట్టానికి ప్రతి 10 సెం.మీ. కిందికి సుమారు 7 నుంచి 8 మి.మీ. ఎక్కువ వస్తుంది. సెలైన్ ఎక్కే చేతికి కఫ్ కట్టకండి, గాలి నింపినప్పుడల్లా సెలైన్ ఆగుతుంది, రక్తం వెనక్కి ఎక్కుతుంది. చప్పుడు సరిగా వినపడకపోతే స్టెత్ పక్కనపెట్టి, మణికట్టు దగ్గర నాడి పట్టుకుని గాలి వదులుతూ, నాడి ఎక్కడ తిరిగి తగిలిందో అదే పై అంకె అని రాసుకోండి. కింది అంకె దొరకదు కానీ ఏమీ లేనిదానికంటే అది నయం.

ఐసీయూ మూడో షిఫ్టు:

సెప్సిస్ ప్రశ్నకి నేను రాస్తాను. అక్కడ కథ తిరగబడుతుంది, కాలువలో నీరు తగ్గకముందే తూములన్నీ విరిగిపోతాయి.

ఇన్ఫెక్షన్ వల్ల పుట్టే రసాయనాల దెబ్బకి నాళాల గోడల్లో నైట్రిక్ ఆక్సైడ్ విపరీతంగా తయారవుతుంది, కండరం వదులైపోతుంది. సింపథెటిక్ నరాలు గట్టిగా అరుస్తున్నా వినే స్థితిలో ఉండదు. అడ్డు తగ్గిపోవడంతో కింది అంకె జారిపోతుంది. గుండె మొదట్లో బలంగానే తోస్తుంటుంది కాబట్టి పై అంకె కొంత నిలుస్తుంది. అందుకే 100/40, నాడి ఎగిరెగిరి కొట్టుకుంటుంది, అరచేతులు వెచ్చగా ఎర్రగా ఉంటాయి. మీ రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టండి. 100/80కి మ్యాప్ 87, 100/40కి మ్యాప్ 60. పై అంకె ఒకటే, అవయవాలకి అందే పీడనంలో అంత తేడా. పైగా గుండె కండరానికి రక్తం ఎక్కువగా అందేది గుండె సడలినప్పుడు, అంటే కింది అంకె ఉండే వేళలో. 40 దగ్గర గుండె తన తిండి తానే తినలేదు.

వైద్యం కూడా దానికి తగ్గట్టే మారుతుంది. మొదటి మూడు గంటల్లో కిలోకి 30 మి.లీ. దాకా సెలైన్ రకం ద్రవాలు ఇస్తాం, కానీ విరిగిన తూముల కాలువలో నీరు పోస్తూ కూర్చుంటే మట్టం నిలవదు. నాళాల్ని బిగించే నార్‌అడ్రినలిన్ మొదలుపెట్టి మ్యాప్ 65 దగ్గర నిలబెడతాం. షాక్ ఉందంటే యాంటీబయాటిక్ గంటలోపు పడాలి, ముందు ఏ సూక్ష్మజీవో తేల్చే కల్చర్ పరీక్షకి రక్తం తీయాలి. ముదిరితే గుండె కూడా నీరసించి చేతులు చల్లబడతాయి. కాబట్టి "చేతులు వెచ్చగా ఉన్నాయి" అన్నది అన్ని జబ్బుల్లోనూ శుభవార్త కాదు. ఊపిరి నిమిషానికి 22 దాటిందా, మనిషి మత్తుగా తేడాగా మాట్లాడుతున్నాడా, మూత్రం గంటకి కిలోకి అర మి.లీ. కంటే తగ్గిందా అన్నవి కూడా కలిపి చూడాలి.

పాత బీపీ జబ్బు ఉన్నవాళ్ల గురించి ఒక మాట. బారోరిసెప్టర్లు ఎప్పుడూ ఉండే పీడనానికి అలవాటుపడతాయి. మెదడు, కిడ్నీల నాళాలు కూడా ఎక్కువ పీడనం మీదే పనిచేయడం నేర్చుకుంటాయి. రోజూ 160 ఉండే పెద్దాయనకి జ్వరంతో 112 వచ్చిందంటే "బీపీ కంట్రోల్ అయింది" అని సంతోషించకూడదు. మామూలుగా ఉండే అంకె నుంచి 40 దిగితే దాన్ని బీపీ పడిపోవడంగానే చూడాలి. పైగా వయసు మీద పడ్డాక ధమనులు గట్టిపడి 160/70 లాంటి పెద్ద తేడా మామూలు. అలాంటివారిలో 110/75 అంటే తేడా 90 నుంచి 35కి పడినట్టు. 20 దాకా ఎదురుచూడక్కర్లేదు.

ఇంకో సంగతి అడగటం మానకండి: స్టెరాయిడ్లు. ఆస్తమాకో, కీళ్ల నొప్పులకో ప్రెడ్నిసలోన్ నెలల తరబడి వాడినవాళ్లలో అడ్రినల్ గ్రంథి నిద్రపోయి ఉంటుంది. ఒంట్లో కార్టిసాల్ లేనిదే నాళాలు అడ్రినలిన్ మాట వినవు. పేరు తెలియని నొప్పి మాత్రలు ఏళ్లుగా మింగుతున్నవాళ్లనీ ఈ లెక్కలోనే అనుమానించాలి. ఎన్ని సెలైన్లు పెట్టినా బీపీ లేవకపోతే, హైడ్రోకార్టిసోన్ పడగానే లేస్తే, కారణం అదే కావచ్చు. జ్వరం వచ్చిందని స్టెరాయిడ్ ఆపేయడం అన్నిటికంటే పెద్ద తప్పు.

మందుల చీటీ:

బీపీ మాత్ర ఇవ్వాలా, ఆపాలా అన్న మూడో ప్రశ్నకి నేను జవాబు రాస్తాను. ముందు కిడ్నీలో ఏం జరుగుతుందో చూస్తే మాత్రల సంగతి దానంతటదే తెలుస్తుంది.

కిడ్నీలో వడపోత జరిగే ముడికి లోపలికొచ్చే నాళం ఒకటి, బయటికెళ్లే నాళం ఒకటి. నీరు తగ్గినప్పుడు యాంజియోటెన్సిన్ బయటికెళ్లేదాన్ని బిగిస్తుంది, ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు లోపలికొచ్చేదాన్ని తెరిచి ఉంచుతాయి. అలా ముడిలో పీడనం నిలబడి మూత్రం తయారవుతుంది. ఇప్పుడు ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టన్, లోసార్టన్ లాంటివి మొదటి పనిని ఆపుతాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, అసిక్లోఫెనాక్ రెండో పనిని ఆపుతాయి. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్, ఫ్యూరోసెమైడ్ ఉన్న నీటినీ బయటికి పంపిస్తాయి. మూడూ కలిసి, పైన పదిసార్లు విరేచనాలు అంటే కిడ్నీలు ఆగిపోవడానికి రెండు రోజులు చాలు. చాలా చీటీల్లో టెల్మిసార్టన్, థయజైడ్ ఒకే మాత్రలో కలిసి ఉంటాయి. ఒళ్లు నొప్పులని మందుల షాపులో డైక్లోఫెనాక్ అడిగి వేసుకుంటే మూడూ పూర్తయినట్టే. నొప్పికీ జ్వరానికీ పారాసిటమాల్ ఒక్కటే, ఆరు గంటలకొకసారి. డెంగీ అనుమానం ఉంటే ఆ మిగతా నొప్పి మాత్రలు రక్తస్రావానికి కూడా దారితీస్తాయి.

అందుకని నీళ్లు నిలవనంత వాంతులు, విరేచనాలు ఉన్న రోజుల్లో పైన చెప్పిన ప్రిల్, సార్టన్ రకాలు, మూత్రం మాత్రలు, వాటితోపాటు షుగరుకి వాడే మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి తాత్కాలికంగా ఆపమనడం మామూలు. మామూలుగా తిని తాగడం మొదలై 24 నుంచి 48 గంటలయ్యాక మళ్లీ మొదలుపెట్టాలి. ఎక్కువమంది చేసే తప్పు ఆ మళ్లీ మొదలుపెట్టడం మర్చిపోవడమే. గుండె వైఫల్యం ఉన్నవాళ్లు సొంతంగా ఏదీ ఆపకూడదు, ముందు చూసే డాక్టరుకి ఫోన్ చేయాలి. ఇన్సులిన్ కూడా సొంతంగా ఆపకూడదు.

నాడి వేగం తగ్గించే బీటా బ్లాకర్ల సంగతి వేరు. మెటోప్రొలాల్, అటెనొలాల్ ఒక్కసారిగా ఆపితే నాడి, బీపీ ఎగదన్ని గుండెనొప్పి తేవచ్చు. క్లోనిడిన్ అనే ఇంకో బీపీ మందు ఆపితే బీపీ ఇంకా దారుణంగా లేస్తుంది. వీటిని ఆపేయకుండా నాడి 50 కంటే, పై బీపీ 100 కంటే తక్కువుంటే ఆ పూట మాత్రకి ముందే డాక్టర్ని అడగాలి. ఇంకొకటి గుర్తుంచుకోండి సిస్టర్, బీటా బ్లాకర్ మీదున్న మనిషికి షాక్‌లో కూడా నాడి 80 దాటకపోవచ్చు. "నాడి బాగుంది" అని చార్టులో రాసే ముందు మందుల చీటీ చూడండి. ఆమ్లోడిపిన్ ఒంట్లోంచి సగం పోవడానికే 30 నుంచి 50 గంటలు, ఈ రోజు ఆపినా ఈ రోజు తేడా ఏం ఉండదు. తూములు బిగుసుకోకుండా అది అడ్డుపడుతూనే ఉంటుందని గుర్తుంచుకుని చూడాలి.

ఓఆర్ఎస్ కలపడంలోనూ పొరపాటు జరుగుతుంది. పెద్ద ప్యాకెట్ లీటరు నీటికి, చిన్నది 200 మి.లీ.కి. పెద్ద ప్యాకెట్‌ని గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు అయిదు రెట్లవుతుంది, వాంతులు పెరుగుతాయి, ఒంట్లో నీరు ఇంకా పేగుల్లోకి లాగబడుతుంది. పిల్లలకైతే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరుగుతుంది. వాంతులుంటే ఐదు నిమిషాలకి రెండు మూడు చెంచాలు.

ఉపాధి పనుల మేట్:

మధ్యలో వచ్చానేమో, క్షమించండి. మే నెలలో మట్టి పని చేసేవాళ్లలో బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు చాలామంది. పని చేస్తుంటే బీపీ పెరుగుతుందంటారు, ఎండలో మాత్రం కళ్లు తిరిగి పడిపోతుంటారు. రెండూ ఎలా కుదురుతాయి?

ఫిజియాలజీ మాస్టారు:

మంచి ప్రశ్న. గడ్డపార పనిలో కండరాల తూములు పూర్తిగా తెరుచుకుంటాయి, గుండె తోసేది 5 లీటర్ల నుంచి 15కి, శిక్షణ ఉన్నవాళ్లలో 20 దాటి కూడా పోతుంది. పై అంకె 180 దాకా వెళ్లడం మామూలే, కింది అంకె పెద్దగా మారదు. అది రోగం కాదు. పని ఆపిన వెంటనే కొలిచి భయపడకూడదు, 5 నిమిషాలైనా కూర్చోబెట్టి కొలవాలి. ఊపిరి బిగబట్టి బరువెత్తడం మాత్రం వేరే దారి. జిమ్ముల్లో బరువులెత్తేవాళ్లకి ధమనిలో సూది పెట్టి కొలిస్తే రెండు కాళ్లతో తోసే వ్యాయామంలో సగటున 320/250 వచ్చింది. బీపీ ఉన్నవాళ్లు తట్ట ఎత్తేటప్పుడు ఊపిరి వదులుతూ ఎత్తాలి.

ఎండ చేరితే చిక్కు మొదలవుతుంది. ఒంటి వేడి బయటికి పోవడానికి చర్మం నాళాలు తెరుచుకోవాలి. గట్టి వేడిలో చర్మానికే నిమిషానికి 6 నుంచి 8 లీటర్లు కావాలి. కండరాలూ అడుగుతాయి, చర్మమూ అడుగుతుంది, చెమట రూపంలో గంటకి లీటరు నీరు పోతుంటుంది. పేగులకీ కిడ్నీలకీ తూములు దించి ఒళ్లు కొంతసేపు నెట్టుకొస్తుంది. పని చేస్తున్నంతసేపు పిక్కలు పిండుతూ రక్తాన్ని పైకి తోస్తాయి. ఆపి కదలకుండా నిలబడగానే, ముఖ్యంగా కొలతల కోసమో హాజరు కోసమో వరసలో నిలబడినప్పుడు, కాళ్లలోకి రక్తం జారి మనిషి కూలిపోతాడు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తితే ఒకటి రెండు నిమిషాల్లో తేరుకుంటాడు. లేపి కూర్చోబెట్టి నీళ్లు తాగించే ప్రయత్నం చేయకండి, మళ్లీ పడతాడు. పడుకున్నా తేరుకోలేదు, పిచ్చిగా మాట్లాడుతున్నాడు, ఒళ్లు కాలిపోతోంది అంటే అది వడదెబ్బ. ఆ క్షణం నుంచే ఒళ్లంతా నీళ్లు పోసి విసురుతూ 108కి ఫోన్ చేయాలి.

మాత్రల మీద ఉన్నవాళ్లలో ఇది ముందే వస్తుంది, కారణం పైన మందుల చీటీ గారు రాసిందే. వేసవి రాకముందే మూత్రం మాత్ర డోసు తగ్గించాలేమో డాక్టర్ని అడిగించండి. సాయంత్రం ఒక పరీక్ష చేయొచ్చు: 5 నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి, నిలబెట్టి 1, 3 నిమిషాలకి చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ దిగితే ఒంట్లో నీరు చాలడం లేదనో, మందు ఎక్కువైందనో. దాంతోపాటు నాడి 30 పెరిగిందంటే నీటి లోటే అయ్యుంటుంది. బీపీ దిగినా నాడి కదలకపోతే బీటా బ్లాకరో, షుగరు వల్ల నరాలు దెబ్బతినడమో చూడాలి.

నైట్‌డ్యూటీ సిస్టర్:

అందరికీ కృతజ్ఞతలు. ఒక్కటే మిగిలింది. మా చార్టులో నాడి, బీపీ, జ్వరం గడులే ఉన్నాయి. రాత్రి ఒక్కదాన్నే పది మందిని చూసేటప్పుడు ఏది చూసి డాక్టర్ని లేపాలి?

వార్డు ఫిజీషియన్:

జ్వరం దిగిన పేషెంట్లని ముందు వేరుచేసి పెట్టుకోండి. రాత్రి గంటగంటకీ చూడాల్సింది వాళ్లనే, మిగతావాళ్లు నాలుగు గంటలకొకసారి చాలు. బీపీ గడి పక్కన ఎర్ర పెన్నుతో తేడా రాయండి: 112/76 (36). కింద చేతుల సంగతి ఒక్క మాటలో: వెచ్చన, చల్లన. సీసాలో మూత్రం కొలిచి నాలుగు గంటలకొకసారి రాయండి. 50 కిలోల మనిషికి నాలుగు గంటల్లో 100 మి.లీ. రావాలి.

20కి దిగిందాకా ఆగకండి. 40, 34, 28 అని వరసగా మూడు కొలతలు తగ్గుతూ, నాడి పెరుగుతుంటే లేపండి. ఒక్కసారి 24 వచ్చి చేతులు వెచ్చగా, నాడి 80 ఉంటే ముందు కఫ్ సరిచేసి మళ్లీ కొలవండి. కడుపునొప్పి ఆగకుండా ఉంది, వాంతులు ఆగడం లేదు, మనిషి కుదురుగా ఉండలేక అటూ ఇటూ పొర్లుతున్నాడు, చిగుళ్లలోంచి రక్తం వస్తోంది, వీటిలో ఏది కనిపించినా అంకెలతో పని లేకుండా లేపండి. ఫోన్లో "బీపీ 100/80 సార్" అని మాత్రం చెప్పకండి, నిద్రమత్తులో ఉన్న డాక్టరు "సరే, బాగుంది" అనేస్తాడు. "ఐదో రోజు, జ్వరం దిగి ఆరు గంటలైంది, తేడా 20, నాడి 118, పాదాలు చల్లన, మూత్రం నాలుగు గంటల్లో 60" అని చెప్పండి.